ఏటి వెంట, మొగ దాకా

మన తిరుత్తంగల్‌లో సైకిలు తొక్కేవాళ్ళు రెండు రకాలు. తెల్లవారకముందే అన్నం క్యారియరు హ్యాండిలుకు తగిలించుకుని ప్రెస్సులకూ, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకూ బయల్దేరేవాళ్ళు మొదటి రకం. చక్కెర ఎక్కువైందనో, మోకాళ్ళు పట్టేస్తున్నాయనో డాక్టరు కేకలేస్తే కొత్త సైకిలు కొన్నవాళ్ళు రెండో రకం. మొదటి రకం వాళ్ళకు వేరే దారి చెప్పే పని మనకు లేదు, వాళ్ళ దారి వాళ్ళకు తెలుసు. రెండో రకం వాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి వాళ్ళ గురించి ధైర్యంగా చెప్పగలను. శివకాశి బస్టాండు దాకా పోవడం, కాఫీ తాగడం, రెండు వడలు తినడం, వెనక్కి రావడం. తొక్కిన నాలుగు మైళ్ళ లాభం కాస్తా ఆ వడలకే ఖర్చు!

ఈసారి మీకు వేరే దారి చెబుతాను. మన పక్కనుంచి పోయే అర్జునా నది వెంట మొదలుపెట్టి, అది వైప్పారులో కలిసే చోటు చూసి, ఆ వైప్పారు మన్నారు సింధుశాఖలో కలిసేదాకా పోవచ్చు. ఒక్క రోజులో కాదు, మూడు ఆదివారాల్లో. నది సముద్రంలో కలిసే చోటును గోదావరి జిల్లాల్లో మొగ అంటారు. ఇక్కడి తమిళంలో కళిముగం. ఉప్పునీరూ, మంచినీరూ ఒకదాంతో ఒకటి బేరమాడుకునే చోటు అది.

"నదా? ఆ ముళ్ళకంపల ఇసుక పల్లమా?" అని మీరు నవ్వవచ్చు. ఔను, అదే. వైప్పారు పడమటి కనుమల్లో పుట్టి, విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల మీదుగా సుమారు 130 కిలోమీటర్లు పోయి సముద్రంలో పడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు దాన్లో నీళ్ళకంటే ఇసుకే కనిపిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు కరుణిస్తేనే అది ఏరు. కరుణించకపోతే మేకలు మేసే బీడు. అందుకే మన పిల్లల్లో చాలామందికి తమ ఊరి పక్కన నది ఉందనే సంగతి తెలియదు. భూగోళం పరీక్షలో గంగ పుట్టుక చక్కగా రాస్తారు. మన ఊళ్ళో పడ్డ వాన ఎక్కడికి పోతుందిరా అంటే, "కాలవలోకి" అంటారు. కాలవ ఎక్కడికి పోతుందో అడిగితే మనవైపు చూస్తారు. మనమూ చెప్పలేక పక్కకు చూస్తాం.

మొదటి ఆదివారం: ఆనైకుట్టం నుంచి ఇరుక్కన్‌కుడి

తిరుత్తంగల్ నుంచి విరుదునగర్ వైపు బయల్దేరి, ఆనైకుట్టం జలాశయం చూసుకుని సాత్తూరు దిశగా దిగండి. ఆనైకుట్టం అర్జునా నది మీద కట్టినది. దాని కిందుగా అదే నది మీద గొల్వార్‌పట్టి జలాశయం ఉంది. ఆ పేరు వినగానే మన చెవికి "గొల్లవారి" అన్నట్టే తోస్తుంది. బోర్డు దగ్గర ఆగి ఫోటో తీసుకోని తెలుగువాణ్ణి నేనింకా చూడలేదు.

ఈ దారిలో జాగ్రత్త పడవలసింది ఒక్కటే, నాలుగు వరసల 44వ నంబరు జాతీయ రహదారి. దాని మీద సైకిలు తొక్కే సాహసం పిల్లలతో చేయవద్దు. వంతెన కింద దారి ఉన్నచోటే దాటండి, తర్వాత పల్లెల రోడ్లు పట్టుకోండి. ఎదురుగా ఖాళీగా ఉన్నట్టు కనిపించినా మధ్యలో ఉన్న గోడ సందుల్లోంచి సైకిలు ఎత్తుకుని దాటవద్దు.

సాత్తూరుకు తూర్పున సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఇరుక్కన్‌కుడి. అర్జునా నదికీ వైప్పారుకూ నడుమ మారియమ్మ గుడి. ఆడి నెల ఆఖరి శుక్రవారం నాడు అక్కడ నేల ఈనినట్టు జనం. మనవాళ్ళలో ఆ అమ్మకు మొక్కులేని ఇల్లు తక్కువ. కానీ బస్సు దిగి, దర్శనం చేసుకుని, తల గొరిగించుకుని, బస్సెక్కేవాళ్ళే ఎక్కువ. గుడికి రెండు పక్కలా రెండు నదులున్నాయనీ, ఒకటి మన ఊరి పక్కనుంచే వచ్చిందనీ గమనించేవాళ్ళు కొద్దిమంది. సైకిలు మీద వచ్చినవాడికి ఆ సంగతి కాళ్ళే చెబుతాయి. పొద్దున్నుంచీ ఆ నది వెంటే కదా తొక్కుకుంటూ వచ్చాడు!

పోనూ రానూ, పట్టుకున్న అడ్డదారులను బట్టి, 70 నుంచి 80 కిలోమీటర్లు. నేల పల్లం కాబట్టి ఆయాసం ఉండదు. గేర్లున్న సైకిలు అక్కరలేదు, బడిలో ప్రభుత్వం ఇచ్చే ఉచిత సైకిలు చాలు. తిరుగుదారిలో సాత్తూరు కారసేవు పొట్లం కట్టించుకోవడం మరవకండి. ఇంటి దగ్గర కోపాలు తగ్గించడానికి అంతకన్నా మంచి మందు లేదు.

రెండో ఆదివారం: కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం

ఇరుక్కన్‌కుడి నుంచి విళాత్తికుళం దాకా ఏటి పక్క పల్లెలకు దారులు లేకపోలేదు. కానీ ఏటి పొడుగునా సీమ కరువేలం పెరిగిపోయింది. ఆంధ్రలో దీన్నే సర్కారు తుమ్మ అంటారు. పొయ్యిల్లోకీ, బొగ్గుకూ పనికొస్తుందని ఎక్కడినుంచో తెచ్చి వేసిన చెట్టు ఇది. ఇప్పుడు చెరువులూ, ఏళ్ళూ తనవే అంటోంది. దాని ముల్లు టైరులో దిగితే ట్యూబు దాకా ఆగదు. ఒకసారి మా గుంపులో అయిదుగురికి కలిపి ఒక్క పొద్దున ఏడు పంక్చర్లు. అందుచేత ఈ మధ్యభాగం వదిలి, కోవిల్‌పట్టి దాకా సైకిళ్ళను వ్యానులో వేసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టడం మేలు.

కోవిల్‌పట్టి నుంచి ఎట్టయపురం సుమారు 15 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి విళాత్తికుళం మరో 16. రెండు పక్కలా నల్లరేగడి. ఇక్కడివాళ్ళు కరిసల్ అంటారు. మిరప, పత్తి, ధనియాలు, సజ్జ. వాన పడ్డ రోజున రోడ్డు దిగారో, ఆ మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య సిమెంటులా పట్టుకుంటుంది. అప్పుడు సైకిలు మనల్ని మోయదు, మనమే దాన్ని మోయాలి.

ఈ నల్లమట్టిని నమ్ముకునే మన పూర్వీకుల్లో చాలామంది వందల ఏళ్ళ కింద ఇక్కడికి దిగారు. ఆ వలస కథను తమిళ పాఠకులకు చెప్పినవారు కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. "గోపల్లపురత్తు మక్కళ్" నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో ఆయన కన్నుమూశారు. మన పిల్లలకు ఆయన్ను తమిళ పాఠంగానే తెలుసు, మనవాడుగా తెలియదు.

ఎట్టయపురంలో ఒక గంట ఆగండి. భారతి పుట్టిన ఇల్లుంది, ఆయన 1882లో ఇక్కడ పుట్టారు. ముత్తుస్వామి దీక్షితర్ 1835లో ఇక్కడే కాలం చేశారు, సమాధి ఉంది. ఇవి రెండూ అందరూ చూపించేవే. మనవాళ్ళు తెలుసుకోవలసింది మరొకటుంది. దీక్షితర్ తమ్ముడు బాలస్వామి దీక్షితర్ దత్తపుత్రుడైన సుబ్బరామ దీక్షితర్ "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథాన్ని 1904లో ఈ ఊళ్ళోనే అచ్చు వేయించారు. దీక్షితర్ కీర్తనలకు ఈనాటికీ ముఖ్య ఆధారం అదే. అది ఏ లిపిలో అచ్చయిందో తెలుసా? తెలుగు లిపిలో! అచ్చుకు మన శివకాశి పేరు మోగకముందే, మనకు ఇంత దగ్గర ఊళ్ళో అంత పెద్ద తెలుగు పుస్తకం అచ్చయిందంటే, పిల్లలకు చెప్పవలసిన సంగతే కదా.

విళాత్తికుళం చేరేముందు ఒక పల్లెలో నీళ్ళకోసం ఆగాం. అరుగు మీద కూర్చున్న అవ్వ మా మాటలు విని, "యాడ నింటి వస్తా ఉండారు నాయనా?" అంది. తిరుత్తంగల్ నుంచి అవ్వా, ఏటి వెంట సముద్రం దాకా పోతున్నాం అన్నాను. "ఏట్లో నీళ్ళే పోలేదే ఈ ఏడు, మీరేం పోతారు?" అంది. మావాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం ఆ మాట ఆ రోజంతా చక్రానికి తగిలిన పుల్లలా టకటకమంటూనే ఉంది.

మూడో ఆదివారం: వైప్పారు మొగ

విళాత్తికుళం నుంచి కుళత్తూరు వైపు దిగి, తూత్తుకుడి–రామనాథపురం తీరం రోడ్డు ఎక్కితే వైప్పారు ఊరు, దాని తూర్పున కీళ వైప్పారు, సిప్పికుళం. సిప్పి అంటే మన చిప్ప, ఆల్చిప్ప. ఊరి పేరులోనే సముద్రం ఉంది. బెస్తవారి ఇళ్ళు, చర్చి, ఒడ్డున ఆరేసిన వలలు, ఇంకో పక్క కనుచూపు మేర ఉప్పు మళ్ళు.

ఉప్పు మళ్ళ పక్కన సైకిలు తొక్కడం ఒక ప్రత్యేకమైన అనుభవం. నేల అద్దంలా ఉంటుంది. గట్ల మీద ఉప్పు గుట్టలు, వాటిమీద తాటాకులు. ఉప్పు మడిలో పనిచేసేవాళ్ళు ఎండ ఎక్కకముందే పని ముగించడానికి చీకటితోనే వస్తారు. కాబట్టి మీరు ఎంత తెల్లవారి వెళ్ళినా మీకంటే ముందే వాళ్ళుంటారు. మళ్ళ గట్లు సొంత ఆస్తులు, అడగకుండా సైకిలు దించవద్దు. గట్టు విరిగితే ఒకరి నెల కష్టం పోతుంది.

అక్కడే నాకో సంగతి తెలిసింది. ఒక ఉప్పు మడి మేస్త్రీని ఈ ఏడు ఎలా ఉందని అడిగితే, "వాన ఆలస్యంగా వచ్చింది సార్, బాగుంది" అన్నాడు. అర కిలోమీటరు దూరంలో వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ను అదే ప్రశ్న వేస్తే, "ఏరు సరిగా రాలేదు సార్, ఏం బాగు?" అన్నాడు. ఒకే వాన, ఒకే ఏరు. ఒకరి పుస్తకంలో లాభం, ఇంకొకరి పుస్తకంలో నష్టం.

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పద్దులు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఈ లెక్క మీద పట్టుదల ఎక్కువ. మన సభల్లో, పేపర్లలో, టీ కొట్ల దగ్గర తరచుగా వినే మాట ఒకటుంది. "ఇంత నీరు సముద్రంలో కలిసి వృథా అయిపోతోంది" అని. మొగ దగ్గర నిలబడి చూస్తే ఆ పద్దు తప్పని తెలుస్తుంది. రొయ్య పిల్లలూ, ఎన్నో రకాల చేప పిల్లలూ పెరిగేది ఉప్పూ మంచీ కలిసిన ఆ నీళ్ళలోనే. ఏరు తెచ్చే ఒండ్రే వాటికి మేత. ఏరు తెచ్చే ఇసుకే తీరానికి కంచె. ఏరు రాని ఏడు మొగకు అడ్డంగా ఇసుక మేట వేస్తుంది. లోపలి నీరు బయటికి పోదు, బయటి నీరు లోపలికి రాదు. ఇలా మొగ మూసుకుపోతే ఆ పెద్దాయన వలకు పని తగ్గుతుంది. అంటే మనం వృథా అని రాసేది ఇంకొకరి జమ. మన పుస్తకంలో ఆ పేజీ లేదు, అంతే.

అలాగని ఆనకట్టలు వద్దని నేను అనను. వెంబక్కోట్టై జలాశయం నీళ్ళు తాగి పెరిగిన ఊరు శివకాశి. చెరువులు నిండకపోతే మన పొలాలు లేవు. నేను అనేది ఇంతే. వైప్పారు ఇసుకను లారీలకు ఎత్తేటప్పుడు, కాలవలోకి చెత్త తోసేటప్పుడు, కంపలు పెరిగిపోతున్నా ఊరుకునేటప్పుడు, ఏటి చివర కూడా మనుషులున్నారని గుర్తుండాలి. మొగ చూడనివాడికి ఆ గుర్తు రాదు. మ్యాపులో చూస్తే నీలి గీత, అంతే. తొక్కుకుంటూ పోయి చూసినవాడికి అది వల బాగుచేసుకునే ఒక ముఖం.

ఇది కొత్త బంధం కూడా కాదు. వైప్పారు ఒడ్డునే వెంబక్కోట్టై దగ్గర విజయకరిసల్‌కుళం దిబ్బను 2022 నుంచి తమిళనాడు పురావస్తు శాఖ తవ్వింది. బయటపడ్డ వాటిలో శంఖంతో చేసిన గాజులు కొల్లలు. శంఖం కరిసల్ నేలలో పుట్టదు కదా. సముద్రం నుంచే రావాలి. ఎప్పుడో ఎవరో అక్కడి శంఖాన్ని ఇక్కడి చేతికి గాజుగా తొడిగారు. మొగకూ మనకూ మధ్య రాకపోకలు మన సైకిళ్ళకంటే ఎంతో పాతవి.

కోనసీమలో చుట్టాలున్న సభ్యులు, "ఇదేం నది బావా, మా గోదావరి చూడు" అంటారని నాకు తెలుసు. చూశాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవ గట్ల మీద కొబ్బరి నీడలో అంతర్వేది దాకా, యానాం దాకా తొక్కుకుపోవచ్చు. ఎండే తగలదు. గోదావరి తన గొప్ప తానే చెప్పుకుంటుంది. వైప్పారు చెప్పుకోలేదు. దాని తరఫున ఎవరైనా చెప్పాలి, అందుకే ఈ వ్యాసం.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

కాలం: డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. ఏట్లో ఎంతోకొంత నీరుంటుంది, ఎండ తక్కువ. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం ఇల్లు కదలవద్దు. 2023 డిసెంబరు 17, 18 తేదీల్లో తూత్తుకుడి జిల్లాలో కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో 90 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రోడ్లు, రైలు కట్టలు కొట్టుకుపోయాయి.

గాలి: ఆడి నెలలో పడమటి గాలి. ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని తమిళ సామెత. సముద్రం వైపు పోయేటప్పుడు గాలి తోస్తుంది, మనకు మనమే వీరులమనిపిస్తుంది. వెనక్కి తిరిగాక అసలు సంగతి తెలుస్తుంది. డిసెంబరులో ఈశాన్యపు గాలి కాబట్టి, మొగ చూశాక తీరం రోడ్డు మీద దక్షిణంగా తూత్తుకుడి దాకా, సుమారు 30 కిలోమీటర్లు, గాలి మనవైపే. విళాత్తికుళం నుంచి అన్నీ కలిపి 55, 60 కిలోమీటర్లు.

తిరుగు ప్రయాణం: తూత్తుకుడి నుంచి కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ మీదుగా పోయే రైళ్ళున్నాయి. సైకిలును పార్సిలు ఆఫీసులో బుక్ చేసి బ్రేకు వ్యానులో వేయాలి. కాబట్టి గంటన్నర ముందే స్టేషను చేరండి.

సామాను: మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, రెండు ట్యూబులు, గాలి పంపు, టోపీ. కోవిల్‌పట్టి కడలై మిఠాయి నాలుగు పొట్లాలు. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మిఠాయి అది, ఆకలికి కూడా గుర్తింపు ఉన్నదే. మొగ దగ్గర బురదలోకి, నీళ్ళలోకి పిల్లల్ని దిగనివ్వకండి. పైకి గట్టిగా కనిపించే ఒండ్రు కాలు లాగేస్తుంది. ఎదురుగా సముద్రంలో ఉన్న దీవులు మన్నారు సింధుశాఖ జాతీయ పార్కువి, మొత్తం 21. వాటికి పడవ కట్టించుకుని పోవడం కుదరదు.

ఎవరు రావచ్చు: పన్నెండేళ్ళు దాటిన పిల్లలెవరైనా. ఆడపిల్లల్ని పంపడానికి వెనకాడే తల్లులకు ఒక మాట. పోయినసారి మా గుంపులో ఒక్క పంక్చరు కూడా లేకుండా ఇల్లు చేరింది పదకొండో తరగతి చదివే అమ్మాయి ఒక్కతే. కంప ఉన్నచోట ఆమె దిగి సైకిలు నడిపించింది. మా మగవాళ్ళం దిగలేదు.

సంఘం ప్రతి ఏడూ వార్షికోత్సవంలో పిల్లలకు తెలుగు పద్యాల పోటీ పెడుతోంది. చాలా మంచి పని. దాంతోపాటు ఇదొకటి కూడా పెడితే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. ఈ డిసెంబరు సెలవుల్లో మూడు ఆదివారాలు, ఇరవైమంది పిల్లలు, నలుగురు పెద్దలు, వెనక ఒక వ్యాను. తిరిగొచ్చాక ప్రతివారూ ఒక పేజీ తెలుగులో రాయాలి, మన ఊళ్ళో పడ్డ వాన ఎక్కడికి పోయిందో. ఏట్లో నీళ్ళుంటే నీళ్ళ గురించి, లేకపోతే ఎందుకు లేవో దాని గురించి. పిల్లల పేర్లు నవంబరు నెలాఖరులోపు సంఘం కార్యాలయంలో ఇవ్వండి. సైకిలు బ్రేకులు మాత్రం ఇప్పుడే చూపించుకోండి.